ఇడ్లీకి స్లీపింగ్ బ్యాగు

ఇడ్లీ అంటే టిఫిన్ కాదు, మా పాప బొమ్మ. ఆ పేరెందుకు పెట్టావే అని ఎన్నిసార్లు అడిగినా చెప్పదు. 14 అంగుళాల పొడుగు, ప్లాస్టిక్ తల, ప్లాస్టిక్ చేతులూ కాళ్ళూ, మధ్యలో దూది కుక్కిన గుడ్డ ఒళ్ళు, నడుము దాకా నైలాన్ జుట్టు. సంక్రాంతి వెళ్ళాక దానికొక స్లీపింగ్ బ్యాగు కుట్టాను. ఉత్తుత్తి సంచి అనుకునేరు. జిప్పు పక్కనుంచి దిగి పాదాల కిందికి తిరుగుతుంది, తలకి ముసుగుంది, బొందు లాగితే ఆ ముసుగు దగ్గరకొస్తుంది, మొత్తం కలిపి కుక్కితే చేతిలో పట్టేంత సంచిలోకి వెళ్ళిపోతుంది.

"బొమ్మదేగా, గంటలో అయిపోయుంటది" అన్నారు కింది పోర్షన్ పిన్నిగారు.

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి ముందుగదే నా షాపు. బ్లౌజులు కుడతాను, ఫాల్స్ వేస్తాను, పండగలప్పుడు ఆడపిల్లల గౌన్లూ పట్టు లంగాలూ. పాత జాకెట్టు ఆదికిచ్చి, తీరా కుట్టాక "ఈమధ్య కొంచెం ఒళ్ళొచ్చిందమ్మా, వదులు చెయ్యి" అనేవాళ్ళని కూడా నవ్వుతూనే భరిస్తాను. ఈ "చిన్నదేగా" అనే మాట దగ్గర మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

మనిషి పడుకునే స్లీపింగ్ బ్యాగు సుమారు 7 అడుగులుంటుంది. ఇడ్లీది 15 అంగుళాలు. అంటే ఇంచుమించు ఐదున్నర రెట్లు చిన్నది. కాగితం మీద గీయడం వరకూ అది నిజమే. కానీ ఐదున్నర రెట్లు చిన్న జిప్పు ఎవరూ అమ్మరు. బట్ట మందం తగ్గదు, దారం సన్నబడదు, కుట్టుకి వదిలే అరంగుళం అరంగుళమే. పెద్ద బ్యాగులో ఆ అరంగుళం లెక్కలోకే రాదు. ఆరంగుళాల పాదం దగ్గర రెండువైపులా పోతే లోపల బొమ్మ కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలి? కాబట్టి పెద్దదాన్ని ఉన్నదున్నట్టు కుదించడం కుదరదు. దేన్ని ఉంచాలి, దేన్ని వదిలేయాలి అని ముందే తేల్చుకోవాలి. ఆ తేల్చే పని నాకు లేకుండా మా పాపే చేసింది, లంబసింగిలో.

లంబసింగి తెలియనివాళ్ళకి: అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలం, సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తు. నర్సీపట్నం మీదుగా వెళ్ళాలి. చలికాలంలో తెల్లవారుజామున మంచు చూడ్డానికి జనం విరగబడి వస్తారు. మేమూ సెలవులకి వెళ్ళి టెంటులో పడుకున్నాం. టెంటువాళ్ళు మనిషికో స్లీపింగ్ బ్యాగు ఇచ్చారు. మా పాప రాత్రంతా ఆ జిప్పు జర్రున పైకీ, జర్రున కిందికీ. నిద్రపోవే అంటే "లోపలున్నానో లేదో చూసుకుంటున్నా" అంటుంది. పొద్దున్నే ఒక అబ్బాయి వచ్చి బ్యాగులన్నీ పోగేసి, గుప్పిళ్ళతో పట్టి చిన్న సంచుల్లోకి కుక్కేస్తుంటే నోరు తెరుచుకుని చూసింది. "మడతపెట్టవా అన్నా?" అని అడిగింది. "మడతపెట్టకూడదు పాపా, ఇట్టా కుక్కెయ్యడమే" అన్నాడతను.

అతనన్నది సరైన మాటే. ఒకే గీత మీద మళ్ళీ మళ్ళీ మడిస్తే అక్కడ లోపలి దూది నలిగి చచ్చుపడిపోతుంది. కుక్కితే ప్రతిసారీ వేరే చోట నలుగుతుంది. తీసి దులిపితే గాలి పీల్చుకుని మళ్ళీ ఉబ్బుతుంది. స్లీపింగ్ బ్యాగులో వెచ్చదనమంతా ఆ ఉబ్బులో చిక్కుకున్న గాలిదే. అది వేడి పుట్టించదు, ఒంట్లో వేడి బయటికి పోనివ్వదు. అందుకే నెలల తరబడి కుక్కి ఉంచకూడదు కూడా. వాడనప్పుడు వదులుగా పరిచో, పెద్ద సంచిలోనో పెట్టుకోవాలి.

ఇంటికొచ్చి బట్టలు ఉతుక్కోకముందే ఆర్డరు వచ్చేసింది. జిప్పు నిజంగా పడాలి. సంచిలోకి కుక్కేలా ఉండాలి. మిగతావి నీ ఇష్టం.

"మే నెలలో 45 డిగ్రీలు కాసే ఊళ్ళో బొమ్మకి దుప్పటి సంచేంటి అమ్మాయ్? దానికి ఉడకపొయ్యదూ?" అన్నారు మా అత్తయ్య, బియ్యంలో రాళ్ళేరుతూ. ఆవిడ చెప్పిందీ నిజమే. విజయవాడలో సంక్రాంతికి కూడా ఫ్యాన్ ఆపని ఇళ్ళు ఎన్నో.

"వేసంకాలం వాడను నాన్నమ్మా" అంది ఇది.

కొలతలు తీసుకుందామని టేపు పట్టుకున్నాక తెలిసింది, బొమ్మలు మనుషుల్లా ఉండవని. ఇడ్లీ తల చుట్టుకొలత భుజాల కంటే ఎక్కువ. చేతులు పక్కకి చాచే ఉంటాయి, మడతపడవు. అరచేతి నుంచి అరచేతికి 8 అంగుళాలు. మంచు కొండలెక్కేవాళ్ళు వాడే రకం బ్యాగు భుజాల దగ్గర వెడల్పుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా, ఒంటికి అంటుకునేలా ఉంటుంది. లోపల ఖాళీ తక్కువుంటే వెచ్చబెట్టాల్సిన గాలి తక్కువ, అందుకని. ఆ లెక్కన కుడితే ఇడ్లీని పై నుంచి దూర్చడం జరిగే పని కాదు, చేతులు అడ్డం. అందుకే జిప్పుని పక్కన మొదలుపెట్టి పాదాల కింద చివరిదాకా తిప్పాను. పూర్తిగా తెరిస్తే పుస్తకంలా పరుచుకుంటుంది. బొమ్మని పెట్టి, రెండోవైపు కప్పి, జిప్పు లాగేయడమే. పై భాగం వెడల్పు 9 అంగుళాలు, పాదాల దగ్గర 6.

పైగుడ్డ మామయ్యగారి పెద్ద నల్ల గొడుగుది. ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తుంటే గాలికి తిరగబడి రెండు ఊచలు విరిగాయి. బాగుచేయిస్తానని అటక మీద పెట్టారు, అక్కడే ఉండిపోయింది. గొడుగు గుడ్డ నిజమైన స్లీపింగ్ బ్యాగు గుడ్డకి దగ్గర చుట్టమే. పల్చటి నైలాన్, దగ్గర నేత, గాలి అంత తేలిగ్గా దూరదు, తేలిక. గొడుగులో ఎనిమిది త్రికోణం ముక్కలుంటాయి. పక్కపక్కనున్న మూడింటిని విడదీయకుండా అలాగే కోశాను. అంచువైపు వెడల్పు, మొనవైపు సన్నం కాబట్టి, పైన వెడల్పు కింద సన్నం అనే ఆకారం కష్టపడకుండానే వచ్చింది. గొడుగువాడు వేసిన కుట్లు రెండు భుజాల నుంచి పాదాల వైపు ఏటవాలుగా దిగి, నేనే డిజైన్ వేసినట్టున్నాయి. చూసినవాళ్ళు అలాగే అనుకుంటున్నారు, అననీ.

నైలాన్‌తో పనిచేసేటప్పుడు కొన్ని గుర్తుంచుకోవాలి. గుండుసూది గుచ్చితే ఆ చిల్లు జన్మలో పూడదు. అందుకని పిన్నుల బదులు పాప జడకి పెట్టే టిక్‌టాక్ క్లిప్పులు పెట్టాను. కోసిన అంచు పోగులు పోగులుగా ఊడిపోతుంది. అగరుబత్తి వెలిగించి, నిప్పుని అంచు పక్కగా తాకీ తాకనట్టు జరుపుతూ పోతే పోగులు కరిగి ముద్దకట్టి ఆగిపోతాయి. చెయ్యి ఒక్క క్షణం నిలిపారో, బొక్క. కిటికీ తెరిచి చేయండి, వాసన బాగుండదు. మామూలు 14 నంబరు సూది తీసి 11 వేశాను, పాలిస్టర్ దారం, కుట్టు పొడుగు కొంచెం పెంచాను. బొమ్మ చిన్నది కదా అని కుట్టు కూడా చిన్నది పెడితే దగ్గర దగ్గరగా చిల్లులు పడి, ఆ గీత వెంటే గుడ్డ చిరిగిపోతుంది. ఇక్కడ కూడా అదే లెక్క. బొమ్మ తగ్గినా కుట్టు తగ్గదు. మిషన్ పళ్ళు జారుడు గుడ్డని లోపలికి మింగకుండా అడుగున దినపత్రిక చీలిక పెట్టి కుట్టి, తర్వాత చింపేశాను. ఇస్త్రీ పెట్టె జోలికి పోలేదు. మడత కావాల్సిన చోట గోటితో గీరితే సరిపోతుంది.

లోపలిగుడ్డ దగ్గర అత్తయ్య రంగంలోకి దిగారు. ఆవిడ పాత మంగళగిరి నూలు చీర ఒకటి, పసుప్పచ్చ, ఉతికి ఉతికి మెత్తబడింది. "దీన్ని వాడు, పసిపిల్లలకి గరుగ్గా ఉండకూడదు" అని ఇచ్చారు. పసిపిల్ల ఎవరంటే ఇడ్లీ. అప్పటిదాకా ఉడకపోస్తుందని వెక్కిరించిన మనిషి.

దూది మీద మాత్రం మా ఇద్దరికీ పడలేదు. ఆవిడది తెనాలి దగ్గర పల్లె. దిండన్నా పరుపన్నా బూరుగు దూదే ఆవిడ లెక్కలో. బూరుగు దూది తేలికే, వెచ్చనే, కాదనను. నీళ్ళు కూడా పీల్చదు, అందుకే ఒకప్పుడు పడవల్లో వాడే లైఫ్ జాకెట్లలో కూరేవాళ్ళు. కానీ దాని పోగు పొట్టిది, నున్నటిది, ఒకదాన్నొకటి పట్టుకోదు. పల్చగా పరిస్తే ఓ మూలకి జారి ఉండ కడుతుంది, కుట్టు చిల్లుల్లోంచి ఎగురుతుంది. మామూలు పత్తి పెడదామంటే నలిగితే తిరిగి లేవదు. అందుకేగా పరుపులు విప్పి దూది మళ్ళీ ఏకించేది. కుక్కి దులిపితే లేవాలంటే పాలిస్టర్ ఫైబరే దిక్కు. సోఫాల పనివాళ్ళ దగ్గర అది షీటుగా దొరుకుతుంది. పావంగుళం మందం కంటే ఎక్కువ తీసుకుంటే బొమ్మ బ్యాగు గుండ్రంగా ఉబ్బి, ఎటూ వంగకుండా కర్రలా నిలబడుతుంది.

"అదంతా ప్లాస్టిక్కే కదే?"

"ఇడ్లీ కూడా ప్లాస్టిక్కే అత్తయ్యా."

దానికావిడ ఏమీ అనలేదు గానీ, సూదీ దారం తెచ్చుకుని కూర్చున్నారు. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ బొంత కుట్టింది ఆవిడే. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, అంచు నుంచి లోపలికి చదరం లోపల చదరంగా పరుగు కుట్టు వేసుకుంటూ పోతారు. ఇక్కడ చీర ముక్కనీ ఫైబర్ షీటునీ మాత్రం కలిపి కుట్టమన్నాను, నైలాన్ తగలకుండా. ఇందులో కిటుకుంది. బొంతలో కుట్టు అన్ని పొరల్నీ పట్టుకుంటుంది. స్లీపింగ్ బ్యాగులో అలా పై నుంచి కింది దాకా కుడితే, కుట్టు పడిన చోటల్లా దూది నొక్కుకుపోయి అక్కడ గాలి ఉండదు, చలి అక్కడినుంచే దూరుతుంది. మంచి బ్యాగుల్లో దూదిని రెండు వరసలుగా పెట్టి, ఒక వరస కుట్టు మీదికి రెండో వరస ఉబ్బు వచ్చేలా జరుపుతారు, లేదా లోపల చిన్న చిన్న గదులు కడతారు. ఐదున్నర రెట్లు చిన్నదాంట్లో గదులు కట్టే ఓపిక నాకు లేదు. లోపలి పొరకే కుట్టు, బయటి నైలాన్ నున్నగా. అత్తయ్య వేసిన కుట్లు గోధుమగింజంత కూడా లేవు. అన్నీ ఒక్క కొలత. మిషన్ మీద నాకంత సమంగా రాదు.

జిప్పు కోసం వన్‌టౌన్ వెళ్ళాను. వస్త్రలత బట్టల మార్కెట్టు చుట్టుపక్కల వీధుల్లో టైలరింగ్ సామాను దొరకనిదంటూ ఉండదు, తీరిగ్గా తిరిగే ఓపికుంటే. జిప్పులకి నంబర్లుంటాయి. మూసినప్పుడు పళ్ళ వెడల్పు ఇంచుమించు అన్ని మిల్లీమీటర్లన్నమాట. సంచులకీ, స్లీపింగ్ బ్యాగులకీ ఎక్కువగా 5 వాడతారు. దాన్ని ఐదున్నరతో భాగిస్తే మిల్లీమీటరు కూడా రాదు. మామూలుగా షాపులో దొరికేవాటిల్లో చిన్నది 3. నైలాన్ కాయిల్ రకమే, అంటే నైలాన్ తీగ చుట్టలే పళ్ళుగా ఉండేది, తీసుకోవాలి. ఇత్తడి పళ్ళవి మూల తిరగవు, కావాల్సిన చోట కోయడమూ కష్టం. కాయిల్‌ని కత్తెరతో ఎక్కడైనా కోసి, చివర నాలుగు కుట్లు వేస్తే రన్నర్, అదే జిప్పు లాగే ముక్క, జారిపోదు.

"ఎన్ని మీటర్లక్కా?" అన్నాడు కొట్టు అబ్బాయి, కట్ట తిప్పుతూ.

"ఒకటి చాలు."

"ఒక్క మీటరుకి ఏం కుడతన్నారు?"

చెప్పాను. నవ్వుతాడనుకున్నా. కట్ట కింద పెట్టి, "రెండు రన్నర్లు తీసుకోండి, ఎదురెదురుగా ఎక్కిస్తే కాళ్ళ దగ్గర కూడా తెరుచుకుంటది. మా తమ్ముడు సైన్యంలో ఉన్నాడు, వాడి బ్యాగు అట్టాగే ఉంటది" అన్నాడు. అత్తయ్య ఉడకపోత సమస్యకి పరిష్కారం అక్కడే దొరికింది. మీటరు జిప్పు, రెండు రన్నర్లు, అన్నీ కలిపి 30 రూపాయలు. అరగంట సలహా ఉచితం.

అసలు పని మూల దగ్గర. కింది మూలలు కోణంగా ఉంటే రన్నర్ అక్కడ ఇరుక్కుంటుంది. స్టీలు గ్లాసు బోర్లించి చాక్‌పీసుతో వంపు గీశాను. జిప్పు టేపు అంచుకి, పళ్ళ వైపు కాకుండా, కత్తెరతో చిన్న చిన్న గాట్లు పెడితే అది వంపుతో పాటు విచ్చుకుంటుంది. ముందు చేత్తో కచ్చాకుట్టు వేసి, రన్నర్ ఒకసారి అటూ ఇటూ లాగి చూసుకుని, అప్పుడు మిషన్. బ్యాగు పాదం కింద మూల తిప్పేటప్పుడు పెడలు మీంచి కాలు తీసేసి చక్రం చేత్తో తిప్పాను, ఒక్కో కుట్టుకీ ఆగుతూ. పెద్ద బ్యాగులో అదే మూల రెండు సెకన్ల పని. తర్వాత పళ్ళ మీద కొవ్వొత్తి రుద్దాను. రన్నర్ వెన్నలో కత్తి దిగినంత సులువుగా పోతుంది.

జిప్పు వెనక ఒక పట్టీ ఉండాలి. పెద్ద బ్యాగుల్లో జిప్పు పళ్ళ సందుల్లోంచి చల్లగాలి రాకుండా దూది పెట్టిన గొట్టం లాంటిది కుడతారు. ఇడ్లీకి చల్లగాలితో బాధ లేదు గానీ నడుము దాకా జుట్టుంది. ఆ నైలాన్ జుట్టు జిప్పులో పడిందంటే కత్తిరించడమే గతి. కాబట్టి చీర ముక్క మడిచి అంగుళం వెడల్పు పట్టీ వేశాను. పెద్దదాంట్లో చలి కోసం పెట్టింది చిన్నదాంట్లో జుట్టు కోసం పనికొచ్చింది.

ముసుగు వెనక సగానికి కుట్టిన అర్ధచంద్రం ముక్క. అంచు మడిచి, లంగాకి బొందు దూర్చినట్టే పిన్నీసుతో బొందు దూర్చాను. బొందు పొట్టిగా ఉంచి, మధ్యలో ఆ మడతకి కుట్టేశాను. లాగితే ముసుగు ముడుచుకుంటుంది, కానీ ఊడి బయటికి రాదు, పిల్లల మెడకి చుట్టుకునేంత పొడుగూ ఉండదు. కొనే బ్యాగుల్లో బొందుకి ప్లాస్టిక్ క్లిప్పు ఉంటుంది. దాన్ని కావాలనే వదిలేశాను, మా చిన్నాడికి రెండేళ్ళు, నేల మీద ఏది కనపడితే అది నోట్లోకే. పై అంచుకి మంగళగిరి చీర జరీ అంచు మడిచి కుట్టాను. ముసుగు అతుకు దాని కిందికి పోయింది.

కుక్కే సంచి కూడా గొడుగు గుడ్డదే. 5 అంగుళాల ఎత్తు, 3 అంగుళాల వెడల్పు, అడుగున గుండ్రటి ముక్క. బ్యాగు పట్టాలి, పాప చెయ్యి కూడా పట్టాలి, లేకపోతే కుక్కేదెలా?

డెలివరీ రోజు కస్టమరు పరీక్షించిన తీరు చూస్తే మా బ్లౌజుల వాళ్ళు నయమనిపించింది. చీర రంగు చూడలేదు, నాన్నమ్మ కుట్టు చూడలేదు, జరీ అంచు చూడలేదు. జిప్పు పైకి, కిందికి, పైకి. శబ్దం సరిపోయింది. కాళ్ళ దగ్గర రన్నర్ తెరిచి ఇడ్లీ పాదాలు బయటికి లాగింది, మళ్ళీ లోపలికి తోసింది. కుక్కింది, తీసింది, దులిపింది. తర్వాత లోపలికి చెయ్యి పెట్టి వెతుకుతూ, "ట్యాగ్ ఏదమ్మా?" అంది.

లంబసింగి బ్యాగులకి లోపల ట్యాగ్ ఉంది, దాని మీద డిగ్రీలు రాసుంటాయి. అదీ గుర్తుపెట్టుకుంది. ఆ అంకెలెలా వేస్తారో ఆ రాత్రి ఫోన్‌లో చదివాను. ఈఎన్ 13537 అని ఐరోపా ప్రమాణం ఒకటి ఉండేది, ఇప్పుడు దాని స్థానంలో ఐఎస్ఓ 23537 ఉంది. కంఫర్ట్ అంటే మామూలు ఆడమనిషి హాయిగా పడుకోగల చలి, లిమిట్ అంటే మామూలు మగమనిషి ముడుచుకుని ఎలాగో తట్టుకోగల చలి. వాటిని తేల్చడానికి ఏం చేస్తారనుకున్నారు? లోపల వేడెక్కే ఏర్పాటు, ఒంటి నిండా సెన్సర్లు ఉన్న మనిషంత బొమ్మని స్లీపింగ్ బ్యాగులో పడుకోబెట్టి, చల్లటి గదిలో పెట్టి, ఆ వేడి నిలబెట్టడానికి ఎంత కరెంటు పడుతుందో కొలుస్తారు.

పొద్దున్నే అత్తయ్యకి చెప్పాను. "బొమ్మకి స్లీపింగ్ బ్యాగేంటన్నారుగా, అసలు మనుషులవి కూడా ముందు బొమ్మనే పడుకోబెట్టి చూస్తారంట."

"చూస్తే చూశారులే, దానికి కరెంటన్నా ఉంది" అన్నారు.

తెల్ల టేపు ముక్క మీద చెరగని మార్కర్‌తో ట్యాగ్ రాశాను, పాప చెప్పినట్టే. పేరు: ఇడ్లీ. డిగ్రీలు: 0. ఉతకడం: అమ్మ. మూడోది నేను ఒప్పుకోలేదు గానీ రాయించింది. చల్లటి నీళ్ళలో చేత్తో ఉతికి, పిండకుండా నీడన ఆరేస్తే ఫైబర్ ఉండ కట్టదు.

ఇప్పుడు గొడుగులో ఇంకా నాలుగు ముక్కలు మిగిలాయని లెక్కపెట్టుకుంది. విరగని ఊచలు ఆరున్నాయని కూడా. టెంటుకి సరిపోతాయా అని రోజూ అడుగుతోంది. పెళ్ళిళ్ళ బ్లౌజులు తలకు మించి ఉన్నాయి, వేసవి సెలవుల్లో చూద్దామన్నాను. మామయ్యగారేమో గొడుగు బాగుచేయించే ఆలోచన తనకింకా ఉందంటున్నారు.